ఆ రెండేళ్ల అనుభవం కాలేజీలోనే ఇప్పించండి

తెలంగాణ ఉన్నత విద్యా మండలి అధ్యక్షులకు,
ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఉన్నత విద్యా మండలి అధ్యక్షులకు,

అయ్యా,

హైదరాబాద్‌లో ఒక సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్‌లో పనిచేస్తున్నాను. మేమందరం దాన్ని సాక్ అంటాం. బ్యాంకులు, ఆసుపత్రులు, ఫ్యాక్టరీల కంప్యూటర్ల నుంచి వచ్చే హెచ్చరికలను రాత్రింబవళ్లు షిఫ్టుల్లో కనిపెట్టుకుని ఉండటం మా పని. కొత్తవాళ్లను ఇంటర్వ్యూ చేయడం, చేరాక పని నేర్పడం కూడా నా బాధ్యతే. అక్కడ రోజూ చూస్తున్నది మీ దృష్టికి తేవాలని ఈ ఉత్తరం. విడిగా మీకే రాసి ఊరుకోవచ్చు. కానీ కాలేజీ యాజమాన్యాలూ, అధ్యాపకులూ, పిల్లలూ, వాళ్ల తల్లిదండ్రులూ కూడా చదవాల్సిన విషయం కాబట్టి అందరి ముందూ రాస్తున్నాను.

కొన్నేళ్లుగా ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో కంప్యూటర్ సైన్స్ పక్కనే సైబర్ సెక్యూరిటీ అనే బ్రాంచి కనిపిస్తోంది. ఆ పేరు చూసి ఎంతోమంది తల్లిదండ్రులు ఆశతో పిల్లల్ని చేర్పించారు. ఆ బ్యాచ్‌లు ఇప్పుడు బయటికొస్తున్నాయి. వచ్చినవాళ్లకు మొట్టమొదట అడ్డొచ్చేది ఉద్యోగ ప్రకటనే. పైన ఫ్రెషర్లు దరఖాస్తు చేసుకోవచ్చని ఉంటుంది, కింద రెండేళ్ల అనుభవం కావాలని ఉంటుంది. కొన్ని ప్రకటనల్లోనైతే సీఐఎస్ఎస్‌పీ ఉంటే ప్రాధాన్యం అని కూడా రాస్తారు. ఆ సర్టిఫికెట్ పూర్తిగా చేతికి రావాలంటే ఈ రంగంలో ఐదేళ్లు పనిచేసి ఉండాలని దాన్నిచ్చే సంస్థే నిబంధన పెట్టింది. ఇరవై ఒక్కేళ్ల పిల్లను అది అడగడం అన్యాయం. ఆ తప్పు కంపెనీలదే, వాటికి నేను వకాల్తా పుచ్చుకోను. అయితే అనుభవం అడగడం వెనక ఉన్న భయం మాత్రం నిజమైనదే. అదేమిటో చెబుతాను.

2022 జనవరిలో ఒక వారాంతంలో హైదరాబాద్‌లోని ఏపీ మహేష్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి 12 కోట్ల రూపాయలకు పైగా దోచుకుపోయారు. అంతకు రెండు నెలల ముందే, 2021 నవంబరులో, బ్యాంకు ఉద్యోగులకు ఫిషింగ్ మెయిళ్లు పంపి దొంగలు లోపలికి దారి చేసుకున్నారని పోలీసుల దర్యాప్తులో తేలింది. చొరబాట్లను పసిగట్టే ఏర్పాట్లు ఆ నెట్‌వర్కులో సరిగా లేవని కూడా పోలీసులు చెప్పారు. భద్రతా నిబంధనలు పాటించనందుకు రిజర్వు బ్యాంకు 2023లో ఆ బ్యాంకుకు 65 లక్షల జరిమానా వేసింది. డబ్బు పోయింది ఒక్క వారాంతంలోనే. దానికి ముందు దొంగలకు చేతిలో ఉన్న వ్యవధి మాత్రం రెండు నెలలు. ఆ రెండు నెలల్లో ఏదో ఒక రాత్రి ఎవరో ఒకరు లాగ్ చూసి, "ఈ వేళప్పుడు ఈ అడ్మిన్ అకౌంట్లోకి లాగిన్ అయింది ఎవరు?" అని అడిగి ఉంటే ఆ డబ్బు నిలిచేదేమో. ఆ ప్రశ్న అడగాల్సిన మనిషినే మేం ఎల్1 అనలిస్ట్ అంటాం. మా రంగంలో అన్నిటికంటే కింది మెట్టు అది. కొత్తవాళ్లు చేరేది అక్కడే.

2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లను రాన్సమ్‌వేర్ పట్టుకున్నప్పుడు దాదాపు రెండు వారాలు ఓపీ చీటీల నుంచి ల్యాబ్ రిపోర్టుల దాకా చేత్తో రాసుకోవాల్సి వచ్చింది. ఇలాంటివి చూసిన కంపెనీ, అసలు లాగ్ ఎలా ఉంటుందో చూడని మనిషిని అర్ధరాత్రి షిఫ్టులో ఒంటరిగా కూర్చోబెట్టడానికి జంకుతుంది. అనుభవం లేక ఉద్యోగం రాదు, ఉద్యోగం లేక అనుభవం రాదు. ఈ ముడి విప్పగలిగింది కాలేజీలే అని నా నమ్మకం. ఎలాగో చెప్పే ముందు, ఇంటర్వ్యూ గదిలో ఏం జరుగుతుందో మీరు వినాలి.

వచ్చే పిల్లల్లో చాలామంది రెజ్యూమేలో కాలీ లినక్స్, మెటాస్ప్లాయిట్, బర్ప్ సూట్, ఎన్‌మ్యాప్ అని వరసగా పేర్లుంటాయి. నేను వాటి జోలికి వెళ్లను. "బ్రౌజర్ తెరిచి ఒక బ్యాంకు వెబ్‌సైట్ అడ్రస్ కొట్టి ఎంటర్ నొక్కావమ్మా, పేజీ కనబడేలోపు ఏమేం జరిగాయో చెప్పు" అంటాను. పేరును ఐపీ అడ్రస్‌గా మార్చే డీఎన్ఎస్ దగ్గర మొదలుపెట్టి, టీసీపీలో మూడు పలకరింపులు, 443 పోర్టు, టీఎల్ఎస్, సర్టిఫికెట్ పరీక్ష, ఇలా పది నిమిషాలు మాట్లాడుకోవచ్చు. సగంలో ఆగిపోయినా ఫర్వాలేదు, ఎక్కడ ఆగిందీ తెలుస్తుంది. చాలామంది డీఎన్ఎస్ దగ్గరే ఆగిపోతారు. తెలివి లేక కాదు. ఆ పాఠం పరీక్షలో ఐదు మార్కుల జవాబుగా రాశారు, వైర్‌షార్క్ తెరిచి ఒక్క ప్యాకెట్‌ను కళ్లతో చూడలేదు. ల్యాబులో సిస్టమ్‌కు అడ్మిన్ హక్కులుండవు, ఏదీ ఇన్‌స్టాల్ చేయనివ్వరు. సీనియర్ల రికార్డు చూసి రికార్డు రాసి, సంతకం పెట్టించుకుని బయటపడతారు.

ఇందుకు పూర్తిగా భిన్నంగా ఒక అమ్మాయి వచ్చింది. పాలిటెక్నిక్ చేసి, ఈసెట్ రాసి, ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో చేరిన పిల్ల. రెజ్యూమేలో ఒక్క సర్టిఫికెట్ లేదు. చేతిలో లాంగ్ నోట్‌బుక్ ఉంది. ఇంట్లో అన్న వాడి వదిలేసిన డెస్క్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ వేసుకుని, దాంట్లో ఒక విండోస్ మెషీన్, ఒక ఉబుంటు మెషీన్ పెట్టుకుంది. ఉబుంటు నుంచి తన విండోస్‌కే రిమోట్ డెస్క్‌టాప్‌లో కావాలని తప్పు పాస్‌వర్డ్ కొడుతూ, ఈవెంట్ వ్యూయర్‌లో ఏం పడుతోందో చూసి నోట్ చేసుకుంది. తప్పు పాస్‌వర్డ్‌కు 4625 నంబరుతో ఒక ఎంట్రీ పడుతుంది, సరైనదానికి 4624. ఆ ఎంట్రీలో లాగాన్ టైప్ అని ఒక గడి ఉంటుంది. రిమోట్ డెస్క్‌టాప్ అయితే అక్కడ 10 ఉంటుందని పాఠాల్లో చెబుతారు. ఆ అమ్మాయికి 3 వచ్చింది. నోట్‌బుక్‌లో ఎర్ర పెన్నుతో "10 రావాలి కదా, 3 ఎందుకు?" అని రాసుకుంది. రెండు పేజీల తర్వాత జవాబు కూడా తనే రాసుకుంది: నెట్‌వర్క్ లెవల్ అథెంటికేషన్ ఆన్‌లో ఉంటే డెస్క్‌టాప్ తెర తెరుచుకోకముందే పాస్‌వర్డ్ పరీక్ష నెట్‌వర్కు మీద జరిగిపోతుంది, అందుకే విఫలమైన ప్రయత్నం 3గా పడుతోంది. ఆ సెట్టింగ్ తీసేసి మళ్లీ కొట్టి చూసి, 10 వచ్చాక పక్కన టిక్కు పెట్టుకుంది.

ఈ చిన్న తేడా మా పనిలో ఎంత పెద్దదో చెప్పాలి. 10 కోసం మాత్రమే వెతికే అనలిస్టుకు రిమోట్ డెస్క్‌టాప్ మీద జరిగే పాస్‌వర్డ్ దాడులు చాలావరకు కంటబడనే పడవు. పాఠంలో ఉన్నదానికీ ఎదురుగా కనిపించినదానికీ పొంతన కుదరనప్పుడు ఆగి, ఎందుకని వెతికే గుణమే మాకు కావలసింది. దాన్ని ఏ కోచింగ్ సెంటరూ రెండు నెలల్లో ఇవ్వలేదు. ఆ అమ్మాయికి ఇచ్చింది ఒక పాత కంప్యూటరూ, పాడైనా ఎవరూ తిట్టరన్న ధైర్యమూ. ఆ రెండూ ఇంట్లో లేని పిల్లలు వేలల్లో ఉన్నారు, వాళ్లకు కాలేజీయే దిక్కు.

అవి దొరకని చోట పిల్లలు సర్టిఫికెట్ల వెంట పడుతున్నారు. సర్టిఫికెట్లు వద్దనను. సీసీఎన్ఏ కోసం నిజంగా చదివినవాడికి నెట్‌వర్కులు బాగా వస్తాయి, సెక్యూరిటీ ప్లస్ చదివితే రంగమంతా ఒకసారి తిరిగి చూసినట్టవుతుంది. కానీ పేరున్న పరీక్షల ఫీజు పదుల వేల రూపాయల్లో ఉంటుంది. పొలం మీద అప్పు తెచ్చి, బహుళైచ్ఛిక ప్రశ్నలు బట్టీపట్టి తెచ్చుకున్న సర్టిఫికెట్ ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే చేతులెత్తేస్తుంటే ఎదుట కూర్చున్న నాకు కడుపు తరుక్కుపోతుంది. అదే చదువు ఉచితంగా ఉంది. లినక్స్ కమాండ్లు చేతికి రావాలంటే ఓవర్‌ద‌వైర్ వాళ్ల బ్యాండిట్ ఆట ఉంది. వెబ్‌సైట్లలో లోపాలు ఎలా పుడతాయో పోర్ట్‌స్విగ్గర్ అకాడమీ పైసా తీసుకోకుండా నేర్పుతుంది. కార్నెగీ మెలన్ యూనివర్సిటీ నడిపే పికోసీటీఎఫ్ స్కూలు పిల్లల కోసమే మొదలుపెట్టినది, మన ఇంటర్ పిల్లలు కూడా ఆడగలరు. ఎన్‌పీటెల్ పాఠాలున్నాయి. హైదరాబాద్‌లో నల్, ఓవాస్ప్ లాంటి సైబర్ భద్రతా బృందాల చాప్టర్ల సమావేశాలకు వెళితే పనిలో ఉన్నవాళ్లే ఉచితంగా చెబుతారు. ఇవన్నీ మొదటి ఏడాది పిల్లలకు చెప్పే మనిషి ప్రతి కాలేజీలోనూ ఒకరుంటే ఎన్ని కుటుంబాల డబ్బు మిగులుతుందో!

ఇంతకంటే బాధ కలిగించేది దొంగ అనుభవం. లేని కంపెనీలో రెండేళ్లు చేసినట్టు లెటర్లూ, పేస్లిప్పులూ పుట్టించి ఇచ్చేవాళ్లు ఉన్నారని మన నగరంలో ఉద్యోగం వెతికిన ప్రతి కుర్రాడికీ తెలుసు. అలా చేరినవాళ్లు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికిపోవడం నేను చూశాను. వేరే ఉద్యోగాల్లో సంగతి ఏమోగానీ, ఇది నమ్మకం మీద నడిచే పని. బ్యాంకు తాళాలన్నీ చేతికిస్తారు. అందులోకి అబద్ధంతో అడుగుపెట్టిన పిల్లవాడు ఆ తర్వాత ప్రతి కంపెనీలోనూ అదే అబద్ధాన్ని మోసుకుంటూ తిరగాలి. వాడిని ఆ పనికి పురికొల్పింది ఆ రెండేళ్ల అనుభవమనే గడి. ఆ గడిని నిజాయితీగా నింపుకునే దారి మనం చూపించలేదు.

ఇక చట్టం. నేర్చుకోవాలన్న ఉత్సాహంలో పిల్లలు కనబడిన వెబ్‌సైట్ మీదల్లా టూల్స్ నడిపి చూస్తారు. ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల ప్రకారం యజమాని అనుమతి లేకుండా దురుద్దేశంతో కంప్యూటర్‌లోకి చొరబడితే మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. సరదాకే చేశానంటే కేసు పెట్టేవాళ్లు నమ్ముతారన్న భరోసా లేదు. 2024 జూన్‌లో తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్ డేటాను ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టాడని సైబర్ సెక్యూరిటీ బ్యూరో అరెస్టు చేసిన వ్యక్తి వయసు 20 ఏళ్లు, విద్యార్థి. డేటా అమ్మబోవడం నేరమే, దాన్ని వెనకేసుకు రాను. కానీ అంత చెయ్యి తిరిగిన కుర్రాడికి ఆ వయసులో సరైన చోటు, సరైన గురువు దొరికి ఉంటే ఏమయ్యేదా అని ఆలోచించకుండా ఉండలేను. చట్టంలో అసలు కీలకం "అనుమతి" దగ్గరే ఉంది. అనుమతి ఇవ్వగలిగినవాడు యజమాని. కాలేజీ నెట్‌వర్కుకు యజమాని కాలేజీ. ఇక్కడే మీరు చేయగలిగింది ఉంది.

ఎంబీబీఎస్ పిల్లలకు హౌస్‌సర్జన్సీ ఉంది. పెద్ద డాక్టర్ల కళ్ల ముందే, అసలు రోగుల దగ్గరే పని నేర్చుకుంటారు. సైబర్ సెక్యూరిటీ బ్రాంచి ఉన్న ప్రతి కాలేజీలోనూ అలాంటిదే పెట్టించండి. ఆ కాలేజీ నెట్‌వర్కును కాపలా కాసే ఒక చిన్న సాక్‌ను, మూడో ఏడాది నుంచి పిల్లలే నడిపేలా, అధ్యాపకుల, సిస్టమ్ అడ్మిన్‌ల పర్యవేక్షణలో ఏర్పాటు చేయించండి. ఇది నేను కొత్తగా కనిపెట్టినదేమీ కాదు. అమెరికాలో లూసియానా స్టేట్ యూనివర్సిటీ విద్యార్థులతోనే తన సాక్ నడుపుతోంది, ఆ రాష్ట్రంలోని ఇతర కాలేజీలకు కూడా దాన్ని విస్తరించింది. మన దక్షిణాదిలోనే, కేరళలోని అమృతపురి క్యాంపస్‌లో బయోస్ అనే విద్యార్థి బృందం ఉంది. సీనియర్లు జూనియర్లకు నేర్పుకుంటూ, ఇన్‌సీటీఎఫ్ పోటీలు నడిపిస్తూ దేశంలో పేరు తెచ్చుకుంది. మన పిల్లలు వాళ్లకేం తీసిపోరు.

కాలేజీలో కాపలా కాయడానికి ఏముంటుందని అడగవచ్చు. చాలా ఉంటుంది. ఫీజులు కట్టే పోర్టల్, హాజరు వేసే బయోమెట్రిక్ యంత్రాలు, లైబ్రరీ సర్వర్, ఆఫీసు కంప్యూటర్లు, అందరి ఆధార్ కాపీలు, బ్యాంకు ఖాతాల వివరాలు. పైగా 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాలు ఉండనే ఉన్నాయి. కంపెనీలు, ప్రభుత్వ సంస్థలు తమ సిస్టమ్‌ల లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి, చొరబాటు జరిగినట్టు తెలిసిన 6 గంటల్లోపు ఆ సంస్థకు తెలియజేయాలి, గడియారాలను ఎన్ఐసీ లేదా ఎన్‌పీఎల్ సమయంతో కలుపుకోవాలి. 180 రోజుల లాగ్‌లు దాచిపెట్టి ఎవరూ చదవకపోతే చొరబాటు జరిగినట్టు తెలిసేది ఎలా? చదివే మనుషులు కావాలి. వాళ్లు మీ తరగతి గదుల్లోనే కూర్చుని ఉన్నారు.

ఖర్చు గురించి యాజమాన్యాలు భయపడనక్కర్లేదు. వాజూ, సురికాటా, జీక్, సెక్యూరిటీ ఆనియన్ లాంటి సాఫ్ట్‌వేర్లకు లైసెన్సు రుసుము లేదు. ఒక మంచి సర్వర్, తగినంత స్టోరేజీ, ల్యాబులో పక్కన పెట్టిన కంప్యూటర్లు, తాళం వేసుకునే ఒక గది చాలు మొదలుపెట్టడానికి. మొదటి ఆరు నెలలు ఫైర్‌వాల్, డీఎన్ఎస్, రెండు మూడు సర్వర్ల లాగ్‌లు చూస్తే సరిపోతుంది. రోజూ వచ్చే హెచ్చరికల్లో ఏది ఉత్తుత్తిది, ఏది నిజం అని తేల్చడం, తేల్చినదాన్ని రాసి పెట్టడం. పని అదే.

రాసి పెట్టడం అన్నాను, అక్కడ కొంచెం ఆగుతాను. మా దగ్గర కొత్తవాళ్లు తడబడేది టూల్స్‌లో కాదు, టికెట్ రాయడంలో. ఏం జరిగింది, ఎప్పుడు, ఏ మెషీన్‌లో, నువ్వేం చూశావు, ఏం అనుకుంటున్నావు, ఇప్పుడు ఎవరేం చేయాలి. ఇంతే, ఆరేడు వాక్యాలు. సర్వర్ లాగ్‌లో సమయం యూటీసీలో ఉంటుంది, మనకంటే ఐదున్నర గంటలు వెనక. మనకు రాత్రి రెండు గంటలకు జరిగింది అక్కడ ముందురోజు రాత్రి ఎనిమిదిన్నరగా కనబడుతుంది. ఎనిమిదిన్నరకు ఆఫీసులో ఇంకా ఎవరో పనిచేస్తూ ఉంటారులే అనుకుని టికెట్ మూసేస్తే దొంగ దర్జాగా తిరుగుతాడు. ఇలాంటివి ఒక్కసారి చేతులారా చేస్తేనే ఒంటబడతాయి. తెలుగు మీడియంలో చదివొచ్చిన పిల్లలకు విషయం తెలిసినా ఇంగ్లిష్‌లో రాయడం భయం. మొదట తెలుగులో చెప్పనివ్వండి, తెలుగులోనే రాయనివ్వండి, ఆలోచన తిన్నగా ఉందో లేదో చూడండి. ఆ తర్వాత ఇంగ్లిష్‌లోకి తేవడం నెల రోజుల సాధన.

ఈ ప్రతిపాదనలో ఒక ప్రమాదం ఉంది, దాన్ని దాచి మిమ్మల్ని ఒప్పించాలని లేదు. లాగ్‌లు చూసే కుర్రాడు తోటి విద్యార్థుల ఆంతరంగిక విషయాలు చూడగలిగే పరిస్థితి రాకూడదు. ముఖ్యంగా హాస్టళ్లలో ఉండే అమ్మాయిల ఫోన్లు ఏ వెబ్‌సైట్లకు వెళుతున్నాయన్నది ఏ విద్యార్థి కంటా పడకూడదు. కాబట్టి హాస్టల్ వైఫైని దీని పరిధిలోకి తేవద్దు. పరీక్షల విభాగాన్ని కూడా తేవద్దు. సర్వర్లు, ఆఫీసు కంప్యూటర్లు చాలు. ఎవరు ఏ లాగ్ ఎప్పుడు తెరిచారో ఆ గదిలోనే ఇంకో లాగ్‌లో పడాలి, దాన్ని అధ్యాపకులు వారం వారం చూడాలి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం భద్రతా ఏర్పాట్లలో విఫలమైతే 250 కోట్ల దాకా జరిమానా పడవచ్చు. ఈ కట్టుబాట్లలో పనిచేయడం కూడా శిక్షణలో భాగమే. రేపు ఉద్యోగంలో పక్కవాడి జీతం వివరాలు కళ్ల ముందు కనబడినప్పుడు తెర మూసేసే అలవాటు ఇక్కడే అబ్బాలి.

ఇంకో మాట, యూనివర్సిటీ పోర్టళ్ల గురించి. ఫలితాల పేజీలో తన హాల్‌టికెట్ నంబరు బదులు పక్క నంబరు కొడితే ఇంకొకరి వివరాలు వచ్చేయడం లాంటి లోపాలు పిల్లలకు ఇట్టే దొరుకుతాయి. ఓవాస్ప్ సంస్థ 2021లో ప్రకటించిన పది ప్రధాన లోపాల జాబితాలో మొదటి స్థానం ఈ తరహా లోపానిదే. దొరికినా పిల్లలు చెప్పరు. చెబితే డీబార్ చేస్తారేమో, పోలీసు కేసు అవుతుందేమో అని భయం. మీ మండళ్ల కింద ఉన్న ప్రతి యూనివర్సిటీ చేతా ఒక మెయిల్ అడ్రస్ ప్రకటింపజేసి, దాని పక్కన నాలుగు వాక్యాలు రాయించండి: ఈ వెబ్‌సైట్లను పరీక్షించవచ్చు, ఇంతవరకే పరీక్షించవచ్చు, ఎవరి వివరాలూ డౌన్‌లోడ్ చేయకూడదు, ఈ హద్దుల్లో ఉండి మాకు చెప్పినవారిపై చర్య ఉండదు. యజమాని అనుమతి అంటే అదే. లోపం చెప్పిన విద్యార్థికి వైస్ చాన్సలర్ సంతకంతో ఒక లేఖ ఇస్తే, కొన్న సర్టిఫికెట్ల కట్టకంటే దానికే నేను ఎక్కువ విలువ ఇస్తాను. మా రంగంలో చాలామంది అలాగే ఇస్తారు.

అధ్యాపకుల సంగతి కూడా చూడాలి. ఎప్పుడూ సాక్‌లో కూర్చోని అధ్యాపకుణ్ణి సాక్ నడపమంటే ఆయనకు అన్యాయం చేసినట్టే. వేసవిలో నెల రోజులు వాళ్లను కంపెనీల్లో, బ్యాంకుల్లో, పోలీసు సైబర్ విభాగాల్లో కూర్చుని పని చూసి రమ్మనండి, ఆ నెలను డ్యూటీగా లెక్కించండి. హైదరాబాద్‌లోనే ఐడీఆర్‌బీటీ ఉంది, సీడాక్ ఉంది, వాటి సాయం అడగండి. పనిలో ఉన్నవాళ్లు వచ్చి చెప్పడానికి యూజీసీ 2022లో ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ అనే దారి తెరిచింది గానీ దానికి కనీసం 15 ఏళ్ల అనుభవం అడుగుతోంది. ఈ రంగంలో రోజూ చేతులు పెట్టి పనిచేసేవాళ్లలో ఎక్కువమంది ముప్ఫైల్లో ఉన్నవాళ్లు. శనివారాలు గెస్ట్ లెక్చరర్‌గా రావడానికి ఐదేళ్ల పని చాలనేలా మీ స్థాయిలో వెసులుబాటు ఇవ్వండి.

ఈ పనికి క్రెడిట్లు కూడా ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో తెచ్చిన డిగ్రీ పాఠ్యప్రణాళికలో 10 నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు. ఉద్దేశం చాలా మంచిది. కానీ జిల్లాల్లో అంతమందికి చోటు చూపే కంపెనీలు ఎక్కడున్నాయి? డబ్బు కట్టి తెచ్చుకునే ఇంటర్న్‌షిప్ కాగితాలు ఆ ఖాళీలోంచే పుట్టాయి. కాలేజీ సాక్‌లో ఏడాది షిఫ్టులు చేసిన పిల్లలకు దాన్నే ఇంటర్న్‌షిప్‌గా లెక్కించండి. రాసిన టికెట్లు, తేల్చిన హెచ్చరికలు, చేసిన షిఫ్టులు అన్నీ రికార్డులో ఉంటాయి కాబట్టి అందులో దొంగలెక్కలకు తావు తక్కువ. రెండేళ్లు చేస్తే ఆ రెండేళ్ల గడి నిజంగానే నిండుతుంది.

ఏఐ వచ్చాక ఎల్1 పనంతా యంత్రాలే చేస్తాయి కదా, ఈ శ్రమంతా ఎందుకని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. హెచ్చరికలను వడకట్టే పనిలో యంత్రాల వాటా పెరుగుతున్న మాట నిజమే. మా దగ్గరా పెరుగుతోంది. నా భయం మరోటి. కింది మెట్టు కుంచించుకుపోతే కంపెనీలు మొదటి రోజు నుంచే రెండో మెట్టు పని అడుగుతాయి. ఉద్యోగంలో చేరాక నేర్చుకుందామనే వెసులుబాటు మా తరానికి దొరికింది, ఈ పిల్లలకు దొరక్కపోవచ్చు. కాబట్టి ఆ నేర్చుకోవడం కాలేజీలోనే జరగాల్సిన అవసరం ఇప్పుడు ఇంకా పెరిగింది.

అన్ని కాలేజీల్లో ఒకేసారి పెట్టమని అడగడం లేదు. రాబోయే విద్యా సంవత్సరానికి ప్రతి రాష్ట్రంలో ఐదారు కాలేజీలు ఎంచుకోండి. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లోని పెద్ద ప్రైవేటు కాలేజీలు కాకుండా అనంతపురం, కాకినాడ, వరంగల్, మహబూబ్‌నగర్ లాంటి చోట్ల ప్రభుత్వ యూనివర్సిటీల ఇంజనీరింగ్ కాలేజీలతో మొదలుపెట్టండి. ఒక ఉత్తర్వు, ఒక గది, బాధ్యత తీసుకునే ఒక అధ్యాపకుడు, పరిధి ఇదీ అని ప్రిన్సిపాల్ సంతకం చేసిన అనుమతి పత్రం చాలు. ఏర్పాటు చేసిపెట్టడానికి, మొదటి బ్యాచ్‌కు షిఫ్టులు నేర్పడానికి శనివారాలు వచ్చి పనిచేస్తాను. జీతం, రానుపోను ఖర్చులు అక్కర్లేదు. నాతోపాటు రావడానికి సిద్ధంగా ఉన్న సహోద్యోగులు కూడా ఉన్నారు. మీ కార్యాలయాల నుంచి పిలుపు వస్తే, ఏ కాలేజీకి ఏ పరికరాలు కావాలో, మొదటి ఆరు నెలల పాఠాలు ఏమిటో, విద్యార్థులతో సంతకం చేయించాల్సిన హామీ పత్రంలో ఏముండాలో రాతపూర్వకంగా తెచ్చి మీ ముందు పెడతాం.

ఇట్లు,
భవదీయుడు,
హైదరాబాద్‌లో పనిచేస్తున్న ఒక సెక్యూరిటీ అనలిస్ట్